అడగకూడని గింజలు

పుష్య బహుళ చవితి, గురువారం, పొద్దున్న ఆరు గంటల పది నిమిషాలు. గోడ గడియారం చూశాను కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలను. ఫోన్ మోగితే ఎత్తే ముందు గడియారం చూడటం నా అలవాటు. వేళగాని వేళ వచ్చే ఫోన్లు మంచి కబురు తేవు. ఆ ఫోన్ పెట్టేసిన పావుగంటలో, మా పెరట్లో చిక్కుడు మడి పక్కన, తడిసిన కోకతో ఆమె పోయింది.

ఆమె పేరు రాయను. ఆ కొండవాళ్లలో గింజ ఇచ్చిన మనిషి పేరు పైకి అనకూడదు. అంటే గింజ సిగ్గుపడి మొలవదట. ఈ మాట నాకు చెప్పింది ఆమే. ఇలాంటివి నేను నమ్మను. కానీ ఆమె గింజల విషయంలో ఒక తప్పు చేసి ఉన్నాను. రెండోది కూడా చేశాను. మూడోది చెయ్యదలచుకోలేదు.

మాది విజయనగరం దిగువన ఒక పల్లె. పెళ్లయ్యాక ఘాటు ఎక్కి డుంబ్రిగుడ వచ్చి సంత పక్కన కొట్టు పెట్టాం. ఉప్పు, ఎండు చేపలు, చింతపండు, ఈమధ్య విత్తనాల పొట్లాలు. మా ఆయన పోయాక కొట్టు నాదే. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. పక్క ఇంటి జగన్నాథం మాస్టారు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని పలక పట్టించారు. ఆలస్యంగా వచ్చిన చదువు కాబట్టి చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. నోరు కూడా అంతే. "సావుకారమ్మ నోరు వేపకాయ" అని సంతంతా అంటారు.

ఆమె మాత్రం ఇంకోలా అనేది. "నీ నోరు సేదే గానీ సావుకారమ్మా, అబద్దమాడదు."

ప్రతి సంతకీ కొండ దిగి వచ్చేది. రెండు మైళ్ల నడక. కొట్టులోపలికి ఎన్నడూ రాలేదు. మెట్లు మూడున్నాయి, మూడో మెట్టు ఆమెది. ఇంకెవరైనా అక్కడ కూర్చుని ఉంటే నిలబడేది గానీ రెండో మెట్టు మీద కూర్చునేది కాదు. అడ్డపొగ కాల్చేది, నిప్పు నోట్లోపలికి పెట్టుకుని. మాట్లాడాలంటే చుట్ట తియ్యాలి. తీసిందంటే ఏదో పనికొచ్చే మాట వస్తుందని మేం చెవులు రిక్కించేవాళ్లం. సగం సార్లు అది ఎవరినో వెక్కిరించడానికే.

నా విత్తనాల పొట్లం ఒకటి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది.

"ఇది మాటాడదేటి?"

"విత్తనం మాటాడుతుందేటే అప్పా, పిచ్చి కాకపోతే." మా వైపు అక్క వరసకి అప్పా అంటాం.

"మావి మాటాడతాయి. నీ పొట్లాల్లోయి సీతాకాలం దప్పళం లాగ సప్పగున్నాయి." అని పొట్లం వెనక్కి పడేసి నవ్వేది. పై పళ్లు రెండే ఉండేవి.

ఎంత కావాలంటే ఏనాడూ అంకె చెప్పలేదు. గుప్పిడి మూసి చూపించేది. ఉప్పు ఈ గుప్పిడి, చేపలు ఆ గుప్పిడి. మొక్కల మధ్య ఉన్నప్పుడు గొంతు తగ్గించేది. నేను అరిస్తే కసిరేది. చలికాలంలో తెల్లారుజామున గడ్డి మీద పేరుకునే మంచుకి మాత్రం పేరు పెట్టి పిలిచేది కాదు. "తెల్లది" అనేది. "నిన్న మా గుమ్మం దాకా వచ్చిందే తెల్లది," అనేది, పాముని చూసొచ్చినట్టు.

ఏటా కొండమీద, కొత్త చిక్కుడు తొలిసారి తినే కొత్త పండగ అయ్యాక ఆమె నాకొక చిన్న ఎండు ఆనపకాయ బుర్ర తెచ్చేది. మూతికి గుడ్డ కట్టి ఉండేది. లోపల బూడిదలో కలిపిన చిక్కుడు గింజలు. నల్లటి వీపు, పక్కన తెల్లటి గీత. అరుగు మీద పెట్టేది, ఏమీ చెప్పేది కాదు. నేనూ ఏమీ అడగలేదు. మా వైపు ఎవరైనా ఇంటికి ఏదైనా తెస్తే తినడానికే తెస్తారు. బూడిద కడిగి, నానబెట్టి, వంకాయ వేసి వండేదాన్ని. మాస్టారికి కూడా ఒక గిన్నె పంపేదాన్ని. రుచి గురించి చెప్పక్కర్లేదు. ఏడేళ్లు తిన్నాం.

పోయిన ఆశ్వయుజంలో ఆమె మూడు సంతలు వరసగా వచ్చి, మూడో మెట్టు మీద కూర్చుని, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. చుట్ట వెలిగించలేదు. నా వెనకాల అల్మారా వైపు చూస్తూ కూర్చుంది. కోడలు పక్కనే ఉండేది. ఆ గుంటకి ఆరో నెల. అత్త అల్మారా వైపు చూస్తే కోడలు అత్త వైపు భయంగా చూసేది.

"ఏటి కావాల అప్పా? నోరు పడిపోయిందేటి?" అన్నాను మూడో సంతలో.

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే నా అలమారు ఏల సూత్తన్నావు? దిష్టి తగిలేలా?"

నవ్వలేదు. లేచి వెళ్లిపోయింది.

నాలుగో సంత దీపావళి ముందు వచ్చింది. ఈసారి కూర్చోలేదు. మూడో మెట్టు దాటి, గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కోడలు వెనకనుంచి కోక చెంగు పట్టుకుని "వొద్దత్తా, వొద్దు, అడగొద్దు," అని లాగుతోంది. ఆమె చెంగు విడిపించుకుంది.

"సావుకారమ్మా. నా గింజలు నాకియ్యి."

"ఏ గింజలు?"

"ఏడాదికో బుర్ర. నీ కాడ దాసినాను కదా."

అప్పుడు చెప్పింది. గింజ ఒక్క గడపలో ఉండకూడదట. ఇల్లు కాలొచ్చు, ఎలక తినొచ్చు, పురుగు పట్టొచ్చు. అందుకని పండిన ఏడాదే ఒక గుప్పెడు వేరే ఇంట పెట్టాలి. వాళ్ల ఊళ్లో అందరూ అలాగే పెట్టుకునేవారు. "మా ఊరే కాలిపోతే? అందుకే నీకాడ పెట్టినాను. నీది వేరే ఊరు."

ఆమె ఇంట్లో గింజలు పోవడానికి కారణం నిప్పు కాదు, నిప్పు లేకపోవడం. కొడుకు శ్లాబు ఇల్లు కట్టాడు. గ్యాసు పొయ్యి వచ్చింది. పాత ఇంట్లో పొయ్యిమీద వేలాడదీసిన బుర్రలకి పొగ తగిలేది, పురుగు దరిచేరేది కాదు. కొత్త ఇంట్లో పొగ లేదు. వానాకాలం విత్తుదామని బుర్ర విప్పితే పిండి రాలిందట. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా అదే పిండి, లేకపోతే నా కొట్టు పొట్లాలు. పొట్లాలు అమ్మింది నేనే మరి.

నేను చుట్టూ తిప్పలేదు. "తినేశాను," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. "ఏటీ?"

"వండుకుని తినేశానే అప్పా. ఏడేళ్లూ. తినడానికిచ్చావనుకున్నాను."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె నన్ను చూసింది. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"ఎలాగున్నాయి? రుసిగున్నాయా?"

"చాలా బాగున్నాయి."

"మరి నీ ఒంట్లో ఉన్నాయి. నిన్ను పాతేత్తే మొలుత్తాయేటి?"

ఆ మాటకి నేనూ నవ్వాను. కోడలు మాత్రం మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని గద్దిస్తే చెప్పింది. దాచమని ఇచ్చిన గింజ దాచినవాళ్లే తమంతట తాము తిరిగి ఇవ్వాలట. నోరు విడిచి అడిగితే ఆ గింజ మనిషిని అడుగుతుందట. అడిగిన గడపలో ఒక తల తగ్గాల్సిందేనట. అందుకే మూడు సంతలు నోరు కట్టుకుని కూర్చుంది.

"తప్పే దారి నేదా?" అన్నాను.

"ఉంది," అంది ఆమె. నవ్వు పోయింది. "ఆ గింజ మల్లీ పండి, నల్లబడి, ఇంకో గడపకి సేరిపోతే అడిగిన మాట తీరిపోద్ది. అప్పుడెవలూ తగ్గక్కర్నేదు." కోడలి కడుపు వైపు చూసింది. "ఈ గుంట కనకముందు పండాల. అంతే."

పుష్యంలో పురుడు. అప్పటికి కార్తీకం వస్తోంది. కొండ మీద చిక్కుడు జ్యేష్ఠంలో తొలి వానకి వేస్తారు. ఇప్పుడు అందరి పాదులకీ కాయలు వేలాడుతున్నాయి, వేరే రకాలవి. ఇప్పుడు విత్తడమంటే చలికి ఎదురెళ్లడమే. అదీ విత్తనం ఉంటే కదా.

నేను లేచి ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో ఏదీ పారెయ్యను. ఆనపబుర్రల్లో మేకులు, సూదులు, బొత్తాలు దాచుకుంటాను. కిందటేడు బుర్రలో సేఫ్టీ పిన్నులున్నాయి. అవి కుమ్మరిస్తే అడుగున బూడిద ఉండకట్టి ఉంది. చిదిపితే గింజలు. తొమ్మిది.

ఆమె తొమ్మిదింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. "మాటాడతన్నాయి," అంది.

ఆమె పొలంలో వేసే వీల్లేదు. కోతలయ్యాక పశువుల్ని వదిలేస్తారు, పచ్చగా కనిపించింది మిగలదు. మా పెరటికి గోడ ఉంది, నుయ్యి ఉంది. దీపావళి వెళ్లిన మూడోరోజు నూతి పక్కన మడి కట్టింది. జగన్నాథం మాస్టారు గోడమీంచి తొంగిచూసి, "ఇప్పుడు తోటేమిటమ్మా? రైలు వెళ్లాక టికెట్టు కొన్నట్టుంది," అన్నారు.

"ఎల్లిన రైలు మల్లీ రాదేటి మేస్టారూ?" అంది ఆమె, మట్టిలోంచి తల ఎత్తకుండా.

తొమ్మిదిలో ఐదు మొలిచాయి. ఒకటి నత్త తింది. ఒకటి ఊరికే పడుకుండిపోయింది. మూడు మిగిలాయి.

రోజూ పొద్దున్నే వచ్చేది. పొగమంచులో ముందు దగ్గు వినిపించేది, తరవాత మనిషి కనిపించేది. మొక్కకి నీళ్లు పోసేది, ఆకు తిప్పి చూసేది, వేలితో మట్టి నొక్కి వాసన చూసేది. నేను గుమ్మంలోంచి అరిస్తే "మెల్లగా సెప్పు, ఇనపడతాది దానికి," అని చేత్తో సైగ చేసేది. కాలం తప్పి వేసిన తీగ ఎగబాకలేదు. మూరెడు ఎదిగి అక్కడే ఆగి, ఊదా రంగు పువ్వులు వేసింది. పాలుపోసే సింహాద్రి చూసి, "బొమ్మలకొలువు చిక్కుడేటే ఇది," అని నవ్వాడు.

"దానికి తెల్సురా. టయిం నేదని తెల్సు. అందుకే ఎదగడం మానేసి కంటంది," అంది ఆమె.

సింహాద్రి నవ్వడం మానేశాడు.

మార్గశిరం చివర కాయలు పడ్డాయి. అప్పటినుంచి ఆమెకి ఒక్కటే పని. కాయని వెలుగుకి పట్టుకుని లోపలి గింజ నీడ చూడటం. "గింజ నల్లబడితే ఇత్తనం. పచ్చగుంటే కూర." రోజుకి నాలుగుసార్లు ఈ మాట అనేది. కళ్లకి పొర కమ్ముతోంది, పచ్చదీ నల్లదీ సరిగా ఆనేది కాదు. అందుకని గోటితో నొక్కి చూసేది. గోరు దిగితే పచ్చి.

పుష్యం వచ్చింది. పెద్దాసుపత్రి పక్కన గర్భిణీలని ముందుగా చేర్చుకునే వసతిలో కోడల్ని దింపి కొడుకు అక్కడే ఉండిపోయాడు. ఆమె మాత్రం వెళ్లలేదు. "నా పని ఇక్కడ," అని మా వెనక వసారాలో గోనె పరుచుకుంది. లోపల పడుకోమంటే వినలేదు. తెల్లది వచ్చేది పెరటి వైపునుంచట. తాను దారికి అడ్డంగా పడుకోవాలట.

"నువ్వు అడ్డం పడుకుంటే ఆగిపోద్దా? ముసలిదానా, చస్తావు," అన్నాను. నా నోరు అలాంటిది.

"ఎవలో ఒకలు," అంది.

అప్పటికి కాయలు పన్నెండు. మూడు మొక్కల మీదా గోనెలు కప్పేది. తెల్లవారగానే, ఎండ తగలకముందే, గోనెలు తీసి ఆకు మీది మంచుని నూతి నీళ్లతో కడిగేది. నూతి నీళ్లు ఆవేళకి గోరువెచ్చగా ఉంటాయి. మంచు పట్టిన ఆకుని ఎండ తాకిందంటే మధ్యాహ్నానికి కాలినట్టు నల్లబడుతుంది. ఎండకంటే ముందు ఉండాలి, అదే ఆమె లెక్క. చెంబు తరవాత చెంబు, ఒక్కో ఆకూ. కాళ్లకి చెప్పుల్లేవు.

ఆ గురువారం పెరడంతా ఉప్పు మూట విప్పినట్టు ఉంది. నలభై ఏళ్లలో అంత మంచు చూడలేదు. ఆరూ పదికి ఫోన్. కొడుకు. అరుస్తున్నట్టు మాట్లాడుతున్నాడు.

"సావుకారమ్మా, నొప్పులొచ్చినాయి. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఇక్కడ అవదంట. కిందకి తీసుకుపోతన్నారు అంబులెన్సులో. ఘాటంతా మంచు, ముందు బండి కనపడ్డం నేదు. మాయమ్మకి సెప్పకు."

వాడు అంత గట్టిగా మాట్లాడాక నేను చెప్పేదేముంది. ఆమె చెంబు పట్టుకుని నిలబడి ఉంది. విన్నది.

చెంబు కింద పెట్టింది. ఒక కాయ కోసింది. ఒలిచింది. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని గోటితో నొక్కింది. మళ్లీ నొక్కింది.

"బేగి రా సావుకారమ్మా. సేతేళ్లు కొయ్యబారిపోనాయి, గోరు దిగతందో నేదో తెల్దు. కల్లకీ ఆనడం నేదు. సూడు. నల్లబడ్డాయా?"

వెళ్లి చూశాను. అప్పుడే పాలు పోయడానికి వచ్చిన సింహాద్రి చెంబుతో ఆగిపోయాడు. ఫోన్లో నేను అరిచిన అరుపు విని మాస్టారు, ఆయన భార్య భానుమతమ్మ గోడ పక్కన తలుపు తీసుకుని వచ్చారు. ఆమె ఎవరివైపూ చూడటం లేదు. నా ముఖం వైపే.

గింజలు పచ్చగా ఉన్నాయి. ఒకదాని వీపు మీద పొగలాంటి చార, అంతే. నల్లబడటానికి ఇంకో పది రోజులైనా కావాలి.

"నల్లబడ్డాయి," అన్నాను.

"నిజవేనా?"

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పానటే అప్పా?"

ఆమె నాలుగు గింజల్నీ నాలుగు చేతుల్లో పెట్టింది. నాకొకటి, మాస్టారికొకటి, భానుమతమ్మకొకటి, పాల చెంబు పట్టుకున్న సింహాద్రి చేతిలో ఒకటి. "వండుకోకండి," అంది నా వైపు తిరిగి, రెండు పళ్లతో నవ్వి. తరవాత మిగిలిన ఆకులకి నీళ్లు పోస్తానని వంగింది. వంగిన మనిషి నెమ్మదిగా కూర్చుంది. కూర్చున్న మనిషి పక్కకి ఒరిగింది. చెంబు దొర్లుకుంటూ నూతి గట్టు దాకా పోయింది. కాసేపటికి గోడ మీంచి ఎండ మడి మీద పడింది.

ఎనిమిదింటికి కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. ఘాటు మలుపులో బండి ఆపి అక్కడే పురుడు పోశారట. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. "మాయమ్మకి సెప్పు," అన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. నాకు చుట్టూ తిప్పడం రాదని ముందే రాశాను కదా.

మధ్యాహ్నానికి మూడు మొక్కలూ నల్లబడిపోయాయి. మిగిలిన పదకొండు కాయలూ ఉడికినట్టు మెత్తబడ్డాయి. అంటే ఆ కొండ చిక్కుడు లోకంలో మిగిలింది ఆ నాలుగు గింజలే, నాకు తెలిసినంతవరకూ. నాలుగూ పచ్చివే కోసినవి. మాస్టారూ, భానుమతమ్మా, సింహాద్రీ అవి పండిన గింజలని నమ్మి ఆరబెట్టి దాచారు. వాళ్ల కళ్లతో వాళ్లు చూడలేదా అని అడగొచ్చు. చూశారు. కానీ సావుకారమ్మ నల్లబడ్డాయంది.

నా అబద్ధానికి ఆమె ప్రశాంతంగా పోయిందా, లేక ఆమెకి తెలిసే తలవంచిందా, నాకు తెలియదు. గింజ పండి తీరాలి, లేదా తల తగ్గాలి అంది. గింజ పండలేదు. నేను ఇలాంటివి నమ్మను. ఇది రాసేటప్పుడు కూడా నమ్మడం లేదు. కానీ చెంబు దొర్లిన చప్పుడు వింటూనే ఉన్నాను.

నిన్న తొలి వాన పడింది. ఇవాళ సంతకి కోడలు వచ్చింది. చంకలో ఐదు నెలల పిల్ల. మూడో మెట్టు మీద కూర్చుంది. ఉప్పు కొనలేదు. ఏమీ అడగలేదు. నా వెనకాల అల్మారా వైపు చూస్తూ కూర్చుంది.

నేను గబగబా లేచాను. కాలికి గడప తగిలి గోరు చిట్లింది. బుర్ర మూత విప్పి, నా వంతు గింజ, ముడతలు పడి సగానికి చిక్కిన గింజ, ఆ పసిపిల్ల గుప్పిట్లో పెట్టి గుప్పిడి మూశాను. "పచ్చి గింజే గుంటా. మీ అత్తకి అబద్ధం చెప్పాను. మొలిచినా మొలవకపోయినా ఇది మీది. నువ్వు అడగలేదు, నేనే ఇచ్చాను. ఇది గుర్తెట్టుకో," అన్నాను కోడలితో.

పిల్ల గుప్పిడి విప్పలేదు.

మిగతా మూడు గింజలున్న గడపలకి ఈ కాగితం చదివి వినిపించాలి. వాళ్లు విత్తేలోగా నిజం తెలియాలి. అందుకే రాశాను. ఆ రోజు పెరట్లో ఉన్నవాళ్లం: నేను, కొట్టు వరహాలమ్మ. జగన్నాథం మాస్టారు. భానుమతమ్మ. పాల సింహాద్రి. పేరు రాయనన్న మనిషి. పెరట్లో లేకపోయినా, ఘాటు మలుపులో, అప్పటికింకా పేరు లేని ఒక పిల్ల. మిగిలిన గింజలు మా దగ్గరున్నాయి. ఎవరూ వచ్చి అడక్కండి. మేమే ఇస్తాం.